సోమవారం విత్తని సగం

నా దస్తూరిని చూసి నాకే కాళ్లూ చేతులూ ఆడకుండా పోయిన పొద్దు ఒకటి ఉండాది. ఇన్నేండ్లు గడిచినా ఆ కాయితం తలపుకొస్తే గుండె దడదడమంటుంది. దొంగకు కూడా అంత దడ పుట్టదు. వానికి తాను దొంగనని ముందే తెలిసుంటుంది గదా. నాకు అది కూడా తెలియదు.

యాభైల నాటి సంగతి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డు పక్కన ఒక చిన్న సర్కారు ఫారం ఉండె. పత్తి గింజలూ జొన్న గింజలూ విత్తి, ఏది మేలో తేల్చే తావు. ఆడ నేను ఫీల్డుమన్ను. ఏ చేను ఎప్పుడు విత్తినారు, వాన ఎంత పడింది, పంట ఎంత తూగింది, ఇవన్నీ రిజిస్టరులో రాసేది నా పని. ఎస్సెల్సీ పాసైనానని, సర్కారు రిజిస్టరు నా చేతిలో ఉండాదని నాకు తెగ నీలుగు. ఊరికి పోతే జేబులో పెన్ను బయటికి కనపడేట్లు పెట్టుకోని తిరిగేవాన్ని.

నేను పనిలో చేరినప్పటి పాత ఆఫీసరు పెద్ద ఉద్యోగమొచ్చి వెళ్లిపోయినాడు. ఆయన తావులో కొత్తాయన వచ్చినాడు. కృష్ణా జిల్లా మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం గుచ్చినట్లుండేది. ఆయన వచ్చిన రెండో ఎండాకాలంలో పైనుంచి ఒక తాఖీదు దిగింది. మా ఫారంలో పరీక్ష చేసిన కొత్త పత్తి గింజను తాలూకా అంతటా రైతులకు పంచే ఆలోచనలో ఉండారంట. దాన్ని గురించి ఇంతవరకు అచ్చులో ఏమేమి వచ్చిందో అంతా వెతికి, అది నమ్మే మాటో కాదో తేల్చి రాయమన్నారు.

ఆఫీసరు నన్ను పిలిచి, "ఇంగ్లీషు చదవగలవుగా? ఇద్దరం కలిసి చేద్దాం ఈ పని" అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేసినాను.

ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా ఉండె. దాని నిండా పత్రికలు. కథల పత్రికలు కాదు, గింజల మీదా తెగుళ్ల మీదా పెద్ద చదువులు చదివినోళ్లు రాసేవి. మద్రాసు నుంచి వచ్చినవి కొన్ని, ఢిల్లీ నుంచి వచ్చినవి కొన్ని. కట్టు విప్పకుండానే పురుగులు చదివేసినవి కూడా ఉండినాయి. వాటికి తోడు ఇటుకరాయంత లావు పుస్తకం ఒకటి. ఏ సంగతి మీద ఎవరు, ఏ పత్రికలో, ఏ పుటలో రాసినారో వరసగా చూపించే పుస్తకమది. పత్తి అనే మాట కాడ వేలు పెడితే పుటలకు పుటలు పేర్లే! మా నాయన బతుకంతా పత్తి పండించినాడు, ఒక్క అక్షరం రాయలేదు. ఇంతమంది యాడ కూర్చోని రాస్తాండారబ్బా అని నాకు కండ్లు తిరిగినాయి.

మా బీరువాలో లేని వాటి కోసం ఆఫీసరు చెప్తాంటే నేను కార్డులు రాసేవాన్ని. ఫలానా పత్రిక, ఫలానా సంచిక, చదివి భద్రంగా తిరిగి పంపుతాము అని. కొన్నిటికి జవాబు వస్తాండె, కొన్నిటికి లేదు.

చదివేది ఎట్లో కూడా ఆయనే నేర్పినాడు. నేను మొదటి పుట తెరిస్తే చేతిలోది లాక్కోని తిరగేసి పెట్టినాడు. "ముందు చివరి పుట చూడవయ్యా. ఇతను ఎవరెవరి మాట నమ్మాడో అక్కడ ఉంటుంది. ఆ తర్వాత ఎక్కడ విత్తాడో, ఎన్నేళ్లు విత్తాడో చూడు. ఇతని గొప్పలు ఆఖర్న చదువుదువుగాని" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పెండ్లిచూపులకు పోయి, పిల్ల మొగం చూడకముందే తాత ముత్తాతల పేర్లు అడిగినట్లుండె. "అచ్చయ్యిందంటే నిజమే గదా సార్, ఇంగ అడిగేదేముంది?" అన్నాను.

ఆయన కండ్లద్దాలు తీసి నన్ను చూసినాడు. "అచ్చేసేది సీసం అక్షరాలతో. సీసానికి నిజమేదో అబద్ధమేదో ఎవరు చెప్తారు?"

నేను తలైతే ఊపినాను గానీ నమ్మలేదు. అచ్చును అనుమానించేది చదువుకున్నోళ్ల చాదస్తం అనుకున్నాను.

ఈడ మా అక్క సంగతి చెప్పాల. అక్కను సి.బెళగల్ దిక్కు ఒక పల్లెలో ఇచ్చినారు. ఎనిమిదెకరాల నల్లరేగడి. ఆ చేన్లో బావ ఏటా జొన్న వేస్తాండె. ఇంట్లో ఏడు మందికి ఏడాది పొడుగునా రొట్టె ఆ జొన్నదే, సంగటి ఆ జొన్నదే. ఇంటి ముందర నేలలో తవ్విన పాతరలో జొన్న పోసి మూత పెట్టినాంక గానీ మా అక్క నిమ్మళంగా ఊపిరి తీసుకోదు. అట్లాంటి ఇంటికి ఆ ఎండాకాలం నేను పోయినాను. పోయినోన్ని ఊరికే తిని రాకుండా కొత్త పత్తి గింజ గొప్పలు చెప్పినాను. బావకు ఆశ పుట్టింది. ఎనిమిదెకరాలూ ఈసారి పత్తే అన్నాడు.

అక్క పొయ్యి కాడ నుంచే అరిసింది. "పత్తి వండుకోని తింటామా? పిల్లోళ్లకు ఏం పెట్టాల?"

"పత్తి అమ్మి జొన్న కొంటాంలే" అన్నాడు బావ.

"వాన ఎగ్గొట్టిన ఏడు జొన్న ఎవురమ్ముతారు? ఎవురి కడుపు వాళ్లకుంటాది."

అక్క మాటలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ నేనేమన్నానో వినండి, నా నోట్లో మన్ను పడ. "నువ్వు సదువుకోలేదక్కా, నీకు తెల్దు. అయిదు మంది అయిదు పత్రికల్లో రాసినారు. అచ్చులో ఉండాది. మా ఫారంలో పండింది నేను కండ్లారా సూసినా" అన్నాను.

అక్క చేతిలో రొట్టె అట్లనే పట్టుకోని నిలబడింది. "అచ్చులో ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది."

అక్క తిరిగి పొయ్యి ముందర కూర్చుంది. మా అక్కకు అచ్చు అంటే పంచాంగం ఒకటే తెలుసు. గ్రహణం ఫలానా పొద్దు పడుతుందని అందులో ఉంటే ఆ పొద్దుకే పడుతుంది. దానికి ఎదురుచెప్పేది ఎట్ల? బావ ఎమ్మిగనూరులో సర్కారు విత్తనాల డిపోకు పోయి, పంచేదానికని ముందే తెప్పించి పెట్టిన ఆ గింజ బస్తాలు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. నేను చంకలు గుద్దుకుంటా ఫారానికి తిరిగొచ్చినాను.

ఎండలు ముదిరేకొద్దీ మా పని కూడా ముదిరింది. కొత్త గింజ మేలని రాసిన అయిదు రాతల్లో నాలుగు చేతికొచ్చినాయి. మొదటిది మాత్రం దొరకలేదు. ఉన్న నాలుగూ టేబులు మీద పరిచి, ఆఫీసరు చెప్పినట్లు చివరి పుటల నుంచి మొదలుపెట్టినాను. అయిదో ఆయన నాలుగో ఆయన మాట నమ్మినాడు. నాలుగో ఆయన మూడో ఆయన మాట. మూడో ఆయన రెండో ఆయన మాట. ఆ రెండో ఆయనేమో మొదటి ఆయన రాసిందాన్నే కురచ చేసి తన మాటల్లో మళ్లీ రాసినాడు. రెండుసార్లు చదివినాను, మూడుసార్లు చదివినాను. ఈ నలుగురిలో ఒక్కరూ ఆ గింజను నేలలో వేసి చూడలేదు!

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్లు ఒకరి మాట పట్టుకోని ఒకరు రాసుకుంటా పోయినారు. నేనేమో అయిదు మంది సాక్షులని మా అక్కకు చెప్పొచ్చినాను. సాక్షి ఒక్కడే.

"చూశావా?" అన్నాడు ఆఫీసరు. "ఇప్పుడు ఆ మొదటిది చూడకుండా మనం ఒక్క ముక్క కూడా రాయకూడదు."

మొదటిది రాసింది ఎవరనుకున్నారు? మా పాత ఆఫీసరే. లావు పుస్తకంలో ఆయన పేరు చూసినప్పుడు నా ఛాతీ పొంగింది. ఎవరి పరీక్షో కాదు, మా ఫారంలో మా కండ్ల ముందర జరిగిందే. ఇంగ దానికి తిరుగుంటుందా అనుకున్నాను. మద్రాసులో ఒక గ్రంథాలయానికి కార్డు రాసి, సంచిక కోసం కాచుకోని కూర్చున్నాము.

అది వచ్చేలోపల ముంగారి తొలకరి వానే ముందొచ్చింది. ఒక గురువారం బాగా కురిసింది. శనివారం ఆదోని స్టేషనులో పార్సిలు ఉండాదని కబురొస్తే నేనే పోయినాను. ఊరు ఊరంతా హడావుడి. విత్తనాలు వేసే గొర్రులకు చెక్క కొట్టించుకునేటోళ్లు, పగ్గాలు కొనేటోళ్లు. నేను ప్లాటుఫారం మీద పత్తి బేళ్ల నీడలో బెంచీ చూసుకోని కూర్చోని, ఆగలేక అట్టపెట్టె ఆడనే విప్పినాను.

నేర్చిన అలవాటు గదా, చివరి పుట తీసినాను. ఎవరి పేరూ లేదు. పాత ఆఫీసరు ఎవరి మాటా నమ్మలేదు, తన చేనునే నమ్మినాడు. మెచ్చుకున్నాను. దాని మీదనే ఇంకొక వరస ఉండె. ఈ పరీక్షకు లెక్కగా వివరాలు రాసిపెట్టిన ఫారం సిబ్బందికి కృతజ్ఞతలు అని. సిబ్బంది అంటే ఎవరు? నేనే! నా అంతటోడు లేడని ఆ పక్కా ఈ పక్కా చూసినాను, ఎవరికన్నా చూపిద్దామని. ఎవరూ లేరు. మళ్లీ నిమ్మళంగా లోపలి పుటలకొచ్చినాను.

చేనును రెండు సగాలు చేసినారు. ఒక సగంలో పాత గింజ, ఇంకొక సగంలో కొత్త గింజ. రెండిటినీ ఒకే దినం, ఒకే పదునులో విత్తినారు. కింద తేదీ. కొత్త గింజ సగం బాగా పండింది, కాబట్టి గింజ మేలు.

ఒకే దినమా?

యాడనో ముల్లు గుచ్చుకున్నట్లయింది. ఆ చేను నాకు బాగా గుర్తు. గొర్రు రెండు మూడు దినాలు కొట్టంలో ఊరికే ఆనించి ఉండడం గుర్తు. దానికి పూసిన పసుపు ఎండి పెచ్చులు రాలడం గుర్తు. ఎందుకు ఆనించి ఉండె? అది మాత్రం గుర్తుకు రాలేదు. పార్సిలు చంకలో పెట్టుకోని మధ్యాన్నం బస్సు పట్టుకోని ఫారానికి వచ్చి పడినాను. ఆఫీసరు కర్నూలు పోయినాడు, ఆదివారం గానీ రాడు. స్టోరు గదిలో పాత రిజిస్టర్లు లాగినాను. దుమ్ముకు దగ్గొచ్చింది. పుట దొరికింది.

నా దస్తూరి. గుండ్రంగా, ముత్యాల మాదిరి. విత్తిన తేదీ అని ఒక్క గడి ఉండె, దాంట్లో ఆదివారం నాటి తేదీ వేసి, కింద రెండు సగాలకూ కలిపి ఒక గీత గీసినాను. పక్కనే వాన రిజిస్టరు. అది కూడా నా దస్తూరే. మర్నాడు సోమవారం కుంభవృష్టి. ఆ తర్వాత మూడు దినాలు చుక్క లేదు.

ఎద్దులను చూసే పెద్దాయన కొట్టంలో గడ్డి వేస్తాండె. పరిగెత్తిపోయి ఆ చేను సంగతి అడిగినాను.

"మరిసిపోతానా అప్పా! ఆదివారం గొర్రు పూజ సేసి పాత గింజ సగం ఏసినాం. పొద్దు మునిగె. మర్నాడు సోమారం. సోమారం ఎద్దు మెడ మింద కాడి పెడతామా? పెట్టలే. ఆ మద్దేన్నమే దంచి కొట్టె వాన. మూడు దినాలు నేల అడుగు పెట్టనియ్యలే. గురువారం పదునొస్తే అప్పుడు ఏసినాం కొత్త గింజ."

"మరి పాత గింజ?"

"దాని మింద వాన పడి మన్ను పొర కట్టె గదా. సగం మొలక పైకే రాలే, లోపల్నే మురిగె. పాపం, గింజ మంచిదే."

"నాకెందుకు చెప్పలేదు తాతా?" అని అరిసినాను.

ఆయన గడ్డి కింద వేసి నన్ను ఎగాదిగా చూసినాడు. "సెప్పేదేంది? నువ్వూ ఆన్నే ఉంటివి గదప్పా!"

అవును. నేనూ ఆడనే ఉంటి. అన్నీ నా కండ్ల ముందరే జరిగినాయి. నేను అబద్ధం రాయలేదు, పొరపాటు కూడా పడలేదు, మా రివాజు ప్రకారం రాసినాను. మా దిక్కు చేను ఎప్పుడు విత్తినావప్పా అంటే, గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి మొదలుపెట్టిన దినమే చెప్తారు. అయిపోయేదానికి వారం పట్టినా అదే దినం. మా నాయన అట్లే చెప్పినాడు, వాళ్ల నాయనా అట్లే చెప్పినాడు. ఇంగ సోమవారం బసవన్న దినం, ఎద్దుకు సెలవు. అది మాకు ఊపిరి మాదిరి. ఊపిరి పీలుస్తాండామని ఎవరన్నా రిజిస్టరులో రాస్తారా? నేనూ రాయలేదు. ఆ పాత ఆఫీసరు ఆ వారం సెలవులో ఉండె. తిరిగొచ్చి నా రిజిస్టరు చూసి, పంట తూకం చూసి, సంబరంగా రాసుకున్నాడు. ఆయన రాసింది చూసి రెండో ఆయన, రెండో ఆయనను చూసి మూడో ఆయన.

పిల్లను చంకలో పెట్టుకోని ఊరంతా వెతికినట్లు నేను ఎండాకాలమంతా మద్రాసు, ఢిల్లీ పత్రికలు తిరగేసినాను. అన్నిటి అడుగునా ఉన్నది నేను గీసిన ఒక్క గీత. అచ్చులో ఉండాదని మా అక్క నోరు మూయించినాను. ఆ అచ్చు నా రాతే. ఆ కొట్టంలో, పేడ మీద, అట్లే కుప్పకూలి కూర్చున్నాను. పెద్దాయన భయపడి నీళ్లు తెచ్చిచ్చినాడు.

ఆదివారం మధ్యాన్నం ఆఫీసరు వచ్చినాడు. సంచిక, రెండు రిజిస్టర్లు టేబులు మీద పెట్టి, నిలబడే అంతా చెప్పినాను. ఆయన కుర్చీలో నుంచి లేచినాడు, మళ్లీ కూర్చున్నాడు.

"సోమవారం ఎద్దుల్ని కట్టరా?"

"కట్టరు సార్."

"నేనొచ్చి ఏడాదిన్నర అయింది. నాకు ఒక్కరూ చెప్పలేదే!"

"మీరు సోమవారం కాయితాలు చూసుకుంటారు సార్. చేని కాడికి రారు."

ఆయన రెండు చేతులతో మొగం మూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎంతమంది చదివుంటారయ్యా దీన్ని! పెద్దపెద్దవాళ్లు. వాళ్లలో ఒక్కరికి కూడా ఇది కనిపించే దారి లేదు. నీకూ ఆ ముసలాయనకూ తప్ప" అన్నాడు. తెల్ల కాయితం నా ముందరికి తోసినాడు. "రాయి. ఏ గింజ ఏ రోజు విత్తారో, ఎందుకో, నీ చేత్తోనే రాయి. ఇంగ్లీషు నేను దిద్దుతాను."

"నా ఉద్యోగం పోతుందా సార్?"

"తెలీదు."

కూర్చోని రాసినాను. గొర్రు పూజ రాసినాను, సోమవారం రాసినాను, వాన రాసినాను. సంతకం పెట్టేటప్పుడు తేదీ కాడ పెన్ను ఆగింది. గురువారం వాన పడింది. ఈపొద్దు ఆదివారం. బావ చేన్లో పదును వచ్చేసుంటుంది!

"సార్, మా బావ ఎనిమిదెకరాలు... జొన్న మాని... నా మాట విని..." అని ఏదేదో అన్నాను.

ఆయనకు అర్థమైంది. "వెళ్లు. సెలవు చీటీ వచ్చాక రాద్దువుగాని" అన్నాడు. కానీ ఆ పొద్దుటి ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

మర్నాడు తొలి బస్సుకే ఎమ్మిగనూరులో దిగినాను. మగ్గాల చప్పుడు అప్పుడే మొదలైంది. ఆడ నుంచి అక్క ఊరికి ఏడెనిమిది మైళ్లు. బండ్లు నిలిచే కాడికి పోయి, "అన్నా, బండి కట్టు, బిన్నె బిరబిరా పోవాల, నీ పుణ్యముంటాది" అన్నాను.

బండాయన బీడీ తీసి నన్ను పిచ్చోన్ని చూసినట్లు చూసినాడు. "ఏ ఊరప్పా నీది? ఈపొద్దు సోమారం. ఎద్దులు కడతామా?"

సోమారం! ఓరి నాయనో, సోమారం! బావ నిన్న గొర్రు పూజ చేసుంటే చేసుండొచ్చు. ఈపొద్దు మాత్రం కాడి కట్టడు. చచ్చినా కట్టడు. నేను ఆ నడిబజార్లో పగలబడి నవ్వినాను, కండ్లలో నీళ్లొచ్చేట్లు. "ఈ యప్పకు ఏందో సోకింది" అని బండాయన పక్కోనితో అంటాండె. చెప్పులు చేత పట్టుకోని నడక మొదలుపెట్టినాను. తడి రేగడిలో ఒక్కో కాలికి వీశెడు మన్ను అంటుకునేది. విదిలించుకుంటా, జారతా, పడతా లేస్తా పోయినాను.

ఇంటి ముందర గొర్రు గోడకు ఆనించి ఉండె, పసుపు కుంకుమతో. బావ అరుగు మీద పగ్గం పేనుకుంటాండాడు.

"ఎంత ఏసినారు బావా?" నీళ్లు కూడా అడగలేదు నేను.

"నాలుగెకరాలయ్యింది. మిగిలిన నాలుగూ రేపు. ఏందప్పా ఆ మన్ను, ఏందా వాలకం?"

చెప్పినాను. ఒక్క ముక్క దాచకుండా చెప్పినాను. బావ చేతిలో పగ్గం అట్లే నిలిచిపోయింది. అక్క గడప కాడికొచ్చి నిలబడింది.

"అచ్చులో అబద్ధం కూడా పడతాదా?" అనింది.

"అబద్ధం కాదక్కా. నేను రాసిన తేదీ..."

"నువ్వు రాసిందే అచ్చయ్యిందా?"

"ఆ."

"అంటే నువ్వు రాసింది నువ్వే సదువుకోని, నువ్వే నమ్మి, నన్ను సదువుకోలేదంటివా?"

ఆఫీసరు తిట్టుంటే పడేవాన్ని, ఉద్యోగం పీకేసినా పడేవాన్ని. ఆ మాట మాత్రం ఈటె దిగినట్లు దిగింది. ఇంగ అక్క నాతో ఒక్క పలుకు పలకలేదు. లోపలికి పోయి, నిరుడు దాచిన జొన్న విత్తనం బాన దించి, చేటలో పోసి చెరిగేదానికి కూర్చుంది. బావ పత్తి బస్తా మూతి కట్టి మూలకు నెట్టినాడు.

మంగళవారం పొద్దున మిగిలిన నాలుగెకరాల్లో జొన్న వేసినారు. బావ గొర్రు తోలినాడు. అక్క వెనకాల నడుచుకుంటా గొర్రు పైన ఉండే కొయ్యగిన్నెలో పిడికిలి పిడికిలి గింజ వదిలింది. నేను గట్టున నిలబడి, జేబులో కాయితం తీసి, పత్తి ఆదివారం, జొన్న మంగళవారం అని రెండు తేదీలు వేరువేరుగా రాసుకున్నాను.

నా ఉద్యోగం పోలేదు. గట్టిగా మందలిస్తా ఒక కాయితం వచ్చింది, అంతే. గింజ పంచే ఆలోచన ఆపినారు, మళ్లీ పరీక్ష చేయమన్నారు. తేదీ తప్పని మేము రాసి పంపిన ఉత్తరం కూడా, మొదటి రాత వచ్చిన ఆ పత్రికలోనే అచ్చయ్యింది. యాడ? ఒక పుట అడుగున, ఎరువుల ప్రకటన పక్కన, చీమతలకాయంత అక్షరాల్లో నాలుగు వరసలు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఇంకొక పత్రికలో ఆరో ఆయన రాసినాడు, ఆ కొత్త గింజ మేలని ఇదివరకే తేలిపోయిందని! చివరి పుటలో అయిదు పేర్లూ ఉండినాయి. మా నాలుగు వరసలు లేవు. ఆఫీసరూ నేనూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. ఆ ఆరో ఆయన ఎవరో, ఆయన మాట నమ్మి ఏ ఊర్లో ఎవరు జొన్న మానుకున్నారో ఈ పొద్దుటికీ తెలియదు.

ఆ ఏడు నడుమ వాన బాగా ఎగ్గొట్టింది. దీపావళి పోయినాంక అక్క ఊరికి పోయినాను, పోలేక పోలేక. పత్తి చేను మోకాలెత్తున గిడసబారి ఉండె. జొన్న కూడా గొప్పగా లేదు గానీ కంకి పట్టింది. పాతరలో సగానికి పైగా పోసినారు. బిగబట్టుకోని తింటే ఏడాది ఎల్లుతుంది.

నన్ను చూసి బావ అరుగు మీద చోటిచ్చినాడు. "ఇంగ ఖాయంగా రాసుకో అప్పా. ఆ గింజ మన నేలకు పనికిరాదు" అన్నాడు.

"అట్ల రాయకూడదు బావా. ఒక్క ఏడు, ఒక్క చేను. పక్కన పాత పత్తి కూడా ఏసుంటే గదా తెలిసేది. జొన్నకూ పత్తికీ పోలికేంది?"

బావ చేని దిక్కు చెయ్యి చూపించినాడు. "కండ్ల ముందర ఎండిపోయింది సూసి కూడా నమ్మవా?"

"ఎండిపోయింది నమ్ముతా. ఎందుకెండిందో నాకు తెల్దు."

లోపల రొట్టె తట్టే చప్పుడు ఆగింది. అక్క వచ్చి నా ముందర తట్ట పెట్టింది, దాంట్లో వేడివేడి జొన్న రొట్టె, వంకాయ పులుసు. ఆ సోమవారం తర్వాత ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"ఈ జొన్న ఏ దినం ఇత్తింది?" అని అడిగింది.

"మంగళారం అక్కా."

"రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"అయితే తిను."